గోలీసోడా సీసా, మిరియాల డబ్బీ

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య దీవెనలు.

మీకు మెటల్ డిటెక్టర్ కొనిపెట్టారనీ, కోత అయిపోయిన తన పొలంలో వెతుక్కోవడానికి ఇంగ్లండులోని సఫోక్‌లో మీ పక్క ఊరి రైతు ఒప్పుకున్నాడనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ముప్పై ఏళ్ళు బడిలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక ఆ యంత్రం గురించి నాలుగు మాటలు రాయకుండా ఉండలేను. అయితే అది కూసిన తరువాత మీరు ఏం చేయాలన్నదాని గురించే ఈ ఉత్తరంలో ఎక్కువగా రాస్తాను.

కర్ర చివర పళ్ళెంలా కనిపించే భాగంలో రాగితీగ చుట్టలు ఉంటాయి. ఒక చుట్టలో, సెకనుకు వేలసార్లు దిశ మార్చుకునే విద్యుత్తు ప్రవహించి నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. ఆ క్షేత్రం తగిలిన లోహపు ముక్కలో సుడుల వంటి చిన్న విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. వాటివల్ల ఏర్పడే బలహీనమైన క్షేత్రాన్ని రెండో చుట్ట పసిగడుతుంది. వెండి, రాగి ఒక తీరుగా, ఇనుము మరొక తీరుగా బదులిస్తాయి కనుక మోతలో తేడా వస్తుంది. కానీ పలుచని బంగారు ఉంగరమూ, కూల్‌డ్రింకు డబ్బాపై ఊడదీసే అల్యూమినియం రింగూ దాదాపు ఒకేలా పలుకుతాయి కాబట్టి, మొదటి నెలంతా మీ సంచి ఆ రింగులతోనే నిండుతుందని ముందే చెబుతున్నాను. చిన్న నాణెమైతే జానెడు లోతు దాటితే సాధారణంగా వినిపించదు.

ఇక పొలంలో ఇవన్నీ ఎందుకుంటాయంటే, పూర్వం పట్టణాల చెత్తనూ పెంటనూ బండ్లకెత్తి ఎరువుగా పొలాలకు తోలేవారు; ఆ చెత్తతో పాటే బొత్తాలు, బెల్టు బకిల్సు, చిల్లర నాణేలు వచ్చి దుక్కిలో కలిసిపోయాయి. పశువుల మెడకు కట్టిన మువ్వలు కూడా అక్కడి పొలాల్లో దొరుకుతాయి. ఈ సంగతి తెలిసినప్పుడు మా నాన్న ఎడ్ల మెడపట్టీలు గుర్తుకువచ్చి నేను కాసేపు ఊరుకుండిపోయాను.

పోయినసారి నేను వచ్చినప్పుడు మీ నాన్న బ్రిటిష్ మ్యూజియంలో నాకు ఒక మామూలు సుత్తి కథ చెప్పాడు. 1992 నవంబరులో మీ సఫోక్‌లోనే హాక్సన్ అనే ఊళ్ళో ఒక రైతు పొలంలో తన సుత్తిని పోగొట్టుకున్నాడు. దాన్ని వెతికిపెట్టడానికి డిటెక్టర్ పట్టుకుని వెళ్ళిన ఆయన స్నేహితుడు ఎరిక్ లాస్‌కు సుత్తికి బదులు వెండి చెంచాలు, బంగారు నగలు, లెక్కకు మించిన నాణేలు కనిపించాయి. మరొకరైతే రాత్రికి రాత్రి గొయ్యంతా తవ్వుకునేవారేమో. ఆయన మాత్రం కొంత బయటికి తీసి, తవ్వడం ఆపివేసి కబురుపెట్టాడు. మరునాడే పురావస్తు శాస్త్రవేత్తలు వచ్చి, మిగిలినదాన్ని ఉన్నది ఉన్నట్టుగా బయటికి తీశారు. చెక్క ఎప్పుడో చివికిపోయినా, ఇనుప బిగింపులు ఉన్న చోటును బట్టి అది ఓకు కర్రతో చేసిన పెట్టె అనీ, లోపల మరికొన్ని చిన్న పెట్టెలు సర్ది ఉన్నాయనీ వారు చెప్పగలిగారు. సుమారు 15,000 రోమన్ నాణేలను బట్టి, అయిదో శతాబ్దం మొదట్లో, బ్రిటన్‌లో రోమన్ల పాలన ముగుస్తున్న రోజుల్లో ఎవరో సంపన్నులు దాన్ని పాతిపెట్టారని తేలింది. అదే పారతో పెళ్ళగించి ఉంటే వెండి మిగిలేది కానీ పెట్టె సంగతి ఎవరికీ తెలిసేది కాదు. లాస్‌కు బహుమానంగా ఇచ్చిన పదిహేడున్నర లక్షల పౌండ్లను ఆయన రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది. దాన్ని కూడా మ్యూజియంలోనే భద్రపరిచారు.

ఆ నిధిలో ఒక రాణిగారి బొమ్మలా ఉన్న వెండి డబ్బీ ఉంది. దాని అడుగున ఉన్న బిళ్ళను ఒక వైపు తిప్పితే నింపుకోవచ్చు, ఇంకొక వైపు తిప్పితే చల్లుకోవచ్చు, మరికాస్త తిప్పితే మూసుకుపోతుంది. అది మిరియాలపొడి డబ్బీ. ఆ మిరియాలు మన దక్షిణ భారతదేశం నుంచి ఓడలెక్కి వెళ్ళినవే! ఆ కాలపు వర్తకంలో ఇటు వచ్చిన రోమన్ నాణేలు మన నల్గొండ, గుంటూరు ప్రాంతాలలో కూడా దొరికాయి.

మీ దేశంలో 1996లో చేసిన నిధుల చట్టం ప్రకారం 300 ఏళ్ళు దాటిన బంగారు, వెండి వస్తువు గానీ, అంత పాత బంగారు, వెండి నాణేలు ఒకే చోట రెండో అంతకంటే ఎక్కువో గానీ దొరికితే 14 రోజుల్లోపు కరోనర్‌కు, అంటే ఇలాంటి నిధులపై విచారణ జరిపే అధికారికి, తెలియజేయాలి. 2015లో హెర్ఫర్డ్‌షైర్‌లో దొరికిన నిధిని దాచి అమ్ముకున్న ఇద్దరు జైలుపాలయ్యారు, ఆ నాణేలలో చాలావాటి జాడ కూడా తెలియలేదు. ప్రభుత్వం కాపాడుతున్న పురాతన స్థలాలలో అనుమతి లేకుండా డిటెక్టర్ ఆడించడమే నేరం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మీ ప్రాంతమంతా యుద్ధవిమానాల స్థావరాలే కనుక, గొట్టంలా, గుండులా తుప్పుపట్టిన బరువైన వస్తువు కనిపిస్తే అది పేలని బాంబు కావచ్చు, ముట్టుకోకుండా దూరంగా వచ్చి పోలీసులకు చెప్పండి. సెలవులకు ఇక్కడికి వచ్చేటప్పుడు ఆ యంత్రాన్ని ఇంట్లోనే పెట్టి రండి. గుప్తనిధుల కోసం పాత గుళ్ళను తవ్విపోసేవారి వార్తలు చదివి చదివి ఉన్న మా ఊరివాళ్ళు మిమ్మల్ని కూడా ఆ బాపతులో కలిపేస్తారు.

దొరికిన నాణేన్ని మెరిపించాలని చూడవద్దు. నానమ్మ ఇత్తడి బిందెలను చింతపండుతో తోమడం చూశారు కదా, ఆ పని నాణెం మీద చేస్తే పులుపు పైపొరను తినేసి అక్షరాలను కూడా చెరిపేస్తుంది. ఏ చోట, ఎంత లోతున దొరికిందో రాసిపెట్టుకుని, గొయ్యి పూడ్చి, గడ్డిపెళ్ళను మళ్ళీ యథాస్థానంలో పెట్టండి.

సీసాల గురించి అడిగారు. గాజు ఈ యంత్రానికి వినపడదు. బూడిద, బొగ్గుకసవు, పగిలిన పింగాణీ పెంకులు పైకి తేలిన చోటు పాత చెత్తకుప్ప అయి ఉంటుంది, సీసాలు అక్కడ ఉంటాయి. చేతులకు దళసరి గ్లవ్స్ తొడుక్కోండి. నీలం రంగులోనో ఆకుపచ్చ రంగులోనో ఉండి ఒళ్ళంతా గీతలు తేలిన సీసా దొరికితే మూత తీయవద్దు. చీకటిలో చేతికి తగిలినా విషమని తెలియడానికే విక్టోరియా రాణి కాలంలో వాటిని అలా పోతపోసేవారు.

మెడ దగ్గర నొక్కులు పడి, లోపల గోలీ ఉన్న సీసా దొరికితే మాత్రం నాకు ముందు చెప్పాలి. ఇంగ్లండువాడైన హైరమ్ కాడ్ 1872లో పేటెంటు పొందిన ఆ సీసాలోనే నేను మా ఊరి సంతలో గోలీసోడా తాగేవాణ్ణి. గ్యాసు ఒత్తిడికి గోలీ పైకి లేచి రబ్బరు రింగును బిగబట్టి ఉంచేది. ఇంగ్లండు పిల్లలు గోలీల కోసం వాటిని పగలగొట్టేవారట, అందుకే పగలనిది దొరకడం అరుదు. గాజు మీద పోసిన అక్షరాలను కాగితానికి ఎత్తి, ఫొటోతో సహా పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య