డొమైన్ దొరికింది సరే, పేరు మీదేనా? ఫ్రీలాన్స్ డిజైనర్ల అపోహలు - వాస్తవాలు

"పేరు ఖాయమైందండీ, డొమైన్ కూడా దొరికింది. లోగో ఒకసారి చూసి చెప్తారా?" కొత్తగా ఫ్రీలాన్సింగ్‌లోకి దిగినవాళ్లు నాకు పంపే మెసేజ్‌లు చాలావరకు ఇలాగే ఉంటాయి. లోగో బాగానే ఉంటుంది. పేరు చూసేసరికే నాకు భయమేస్తుంది.

అపోహ: డొమైన్ ఖాళీగా ఉందంటే ఆ పేరు ఎవరిదీ కాదు.

వాస్తవం: డొమైన్ అంటే వెబ్‌సైట్ చిరునామా. దాన్ని అమ్మేవాళ్లు చూసేది, అచ్చంగా అవే అక్షరాలు ఇంకెవరైనా కొనుక్కున్నారా అని మాత్రమే. మధ్యలో ఒక హైఫన్ పెడితే అది ఇంకో డొమైన్. ట్రేడ్‌మార్క్, అంటే వ్యాపార పేరు మీద చట్టపరమైన హక్కు, దాని లెక్క వేరు. జనం మీ ఇద్దరినీ ఒకరే అనుకుని పొరబడతారా అన్నది అక్కడి ప్రశ్న. 'సి' తీసి 'కె' పెట్టినా, చివర ఇంకో 'ఓ' తగిలించినా పలికినప్పుడు ఒకేలా వినిపిస్తే చిక్కే. "ఫలానావాళ్లు అలాగే పెట్టుకున్నారు, ఏమీ కాలేదు" అంటారు. ఇంకా కాలేదు, అంతే.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. నా మొదటి స్టూడియో పేరు రెండేళ్లు వాడాక, ప్యాకేజింగ్ డిజైన్ చేసే ఒక సంస్థ తరఫున లాయర్ నోటీసు వచ్చింది. వాళ్ల పేరుకీ నా పేరుకీ ఒక్క అక్షరం తేడా. ఆ అక్షరం మార్చి ఎంత తెలివిగా పెట్టానో అని మురిసిపోయినవాణ్ని కూడా నేనే! కోర్టు దాకా పోకుండా పేరు మార్చుకున్నాను. లోగోదేముంది, రెండు రోజుల్లో మళ్లీ గీశాను. కానీ పాత క్లయింట్లు నలుగురికీ చెప్పే పేరు పోయింది. ఏడాది తర్వాత కూడా "పని మానేశారనుకున్నాం" అన్నవాళ్లున్నారు.

కాబట్టి స్కెచ్‌బుక్ తెరవకముందే వెతకండి. మీ దేశపు ట్రేడ్‌మార్క్ ఆఫీసు రికార్డులతో పాటు వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) వారి గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్ కూడా చూడండి, అది ఉచితం. ట్రేడ్‌మార్క్‌ల కోసం వస్తువుల్ని, సేవల్ని విడదీసే అంతర్జాతీయ పద్ధతి నీస్ వర్గీకరణ. అందులో మొత్తం 45 క్లాసులున్నాయి: మొదటి 34 వస్తువులకు, మిగతావి సేవలకు. గ్రాఫిక్ డిజైన్ 42లో ఉంటుంది, ప్రకటనలు 35లో. బ్రాండింగ్ పని రెండింటినీ తాకుతుంది కాబట్టి రెండూ చూడాలి. మామూలు సెర్చ్, సోషల్ మీడియా కూడా వదలొద్దు. చాలా దేశాల్లో రిజిస్టర్ చేయకపోయినా ముందు నుంచి వాడుతున్నవాళ్లకు కొంత హక్కు ఉంటుంది.

అలాగని సంబంధంలేని వ్యాపారంలో ఎక్కడో మీ పేరు కనిపించగానే నిద్ర మానుకోకండి. డవ్ సబ్బు ఒక కంపెనీది, డవ్ చాక్లెట్ ఇంకో కంపెనీది. మరీ పేరుమోసిన బ్రాండు జోలికి పోకపోతే ఇలాంటివి మామూలే. అనుమానం తీరకపోతే ట్రేడ్‌మార్క్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి. అడగడానికి మొహమాటం ఎందుకు?

అపోహ: పేరు వినగానే డిజైన్ అని తెలియాలి.

వాస్తవం: 'క్రియేటివ్', 'పిక్సెల్', 'గ్రాఫిక్స్' కలిపి కుట్టిన పేర్లు చూసీ చూసీ విసుగొచ్చింది. చేసే పనినే పేరుగా పెట్టుకుంటే దానికి చట్టపరమైన రక్షణ దొరకడం కష్టం. కొడాక్ అన్న మాటకు అర్థమే లేదు, 1888లో ఆ కెమెరా కోసం కల్పించిన మాట అది. పెంటగ్రామ్ అనే డిజైన్ సంస్థ ఉంది, ఆ మాటకు అర్థం ఐదు కోణాల నక్షత్రం. 1972లో ఐదుగురు భాగస్వాములు మొదలుపెట్టారు కాబట్టి ఆ పేరు.

సొంత పేరు పెట్టుకుంటే చిన్నవాళ్లుగా కనిపిస్తామన్నది ఉత్త మాట. రేపు భాగస్వామి వస్తే, లేదా వ్యాపారం అమ్మాలనుకుంటే ఇబ్బంది, అంతే.

ఇక లోగోలో పెన్సిలో, పెన్ టూల్ (డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీతలు గీసే సాధనం) గుర్తో ఉండాలన్న నియమం ఎవరు పెట్టారో! బ్రౌజర్ ట్యాబ్ మీద కనిపించే 16 పిక్సెళ్ల బుల్లి గుర్తు, ఫేవికాన్‌లో ఆ పెన్సిల్ అగ్గిపుల్లలా కూడా కనిపించదు.

ఫాంట్ ఉచితంగా దొరికితే వాడేయొచ్చన్నదీ అపోహే. 'పర్సనల్ యూజ్' (సొంత వాడకానికి మాత్రమే) అని ఉంటే మీ వ్యాపార లోగోకి పనికిరాదు. స్టాక్ ఐకాన్ల (ముందే గీసి అందరికీ ఇచ్చే బొమ్మల) లైసెన్సులు చాలావరకు ట్రేడ్‌మార్క్‌గా వాడటాన్ని ఒప్పుకోవు. క్లయింటు పనిలో ఇవన్నీ వరసగా చూసుకునేవాళ్లే సొంత లోగో దగ్గర లైసెన్స్ ఫైలు తెరవరు. మొన్న ఒకరికి ఆ మాటే చెప్తే, "మనదే కదండీ, ఎవరు అడుగుతారు?" అన్నారు.