నోడ్ ఉలుకూ పలుకూ లేకపోతే: అపోహలు - వాస్తవాలు

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో రాత్రి ఆన్‌కాల్‌లో ఉండేవాళ్ల నుంచి, అమీర్‌పేటలో కుబెర్నెటీస్ కోర్సు చేసి ఉద్యోగంలో చేరిన పిల్లల నుంచి నేను తరచూ వినే మాటలివి. కుబెర్నెటీస్ అంటే చాలా మెషీన్లను ఒక క్లస్టర్‌గా కలిపి వాటిపై అప్లికేషన్లు నడిపే సాఫ్ట్‌వేర్; ఆ మెషీన్లలో ఒక్కోదాన్ని నోడ్ అంటారు. వీటిలో ఒకటి మాత్రం నిజంగా డేటాను పాడుచేస్తుంది. దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: నోడ్ పలకడం లేదంటే చచ్చిపోయినట్టే.

వాస్తవం: కంట్రోల్ ప్లేన్‌కు (క్లస్టర్‌ను నడిపించే భాగానికి) తెలిసేది ఆ నోడ్ నుంచి కబురు రాలేదన్న సంగతి ఒక్కటే. కరెంటు పోయి ఉండొచ్చు, మెమరీ నిండి కుబెలెట్ (ప్రతి నోడ్‌లో ఉండి కంట్రోల్ ప్లేన్‌కు కబురు పంపే ప్రోగ్రామ్) ఇరుక్కుని ఉండొచ్చు, మధ్యలో నెట్‌వర్క్ తెగి ఉండొచ్చు. నెట్‌వర్క్ మాత్రమే తెగితే లోపలి అప్లికేషన్ మామూలుగానే నడుస్తూ ఉంటుంది. అందుకే కుబెర్నెటీస్ ఆ నోడ్ స్థితిని 'అన్‌నోన్' అని రాస్తుంది.

అపోహ: పాడ్‌లు (కంటైనర్లలో నడిచే అప్లికేషన్ కాపీలు) వెంటనే వేరే నోడ్‌కి వెళ్లిపోతాయి.

వాస్తవం: కుబెలెట్ 10 సెకన్లకోసారి తన లీజ్‌ను, అంటే 'నేను బతికే ఉన్నాను' అనే రికార్డును, పునరుద్ధరిస్తుంది. వెర్షన్‌ను బట్టి 40 లేదా 50 సెకన్లు అది జరగకపోతే నోడ్‌పై 'అన్‌రీచబుల్' టెయింట్ (పాడ్‌లను దూరం పెట్టే గుర్తు) పడుతుంది, సర్వీస్ ట్రాఫిక్ ఆ పాడ్‌ల వైపు వెళ్లడం ఆగుతుంది. ఆ తర్వాత డిఫాల్ట్‌గా ఇంకో 300 సెకన్లు ఆగి, అప్పుడు పాడ్‌లను తొలగించే పని మొదలవుతుంది. హెచ్‌డీఎఫ్ఎస్ (ఫైళ్లను బ్లాకులుగా చాలా మెషీన్లలో దాచే స్టోరేజ్ వ్యవస్థ) ఇంకా ఓపిక పడుతుంది: 3 సెకన్లకోసారి రావాల్సిన హార్ట్‌బీట్ ఆగినా, డేటానోడ్ (బ్లాకులు దాచే మెషీన్) పోయిందని తేల్చడానికి 10 నిమిషాల 30 సెకన్లు తీసుకుంటుంది. తొందరపడితే బ్లాకులన్నీ మళ్లీ కాపీ చేయాలి మరి. కుబెర్నెటీస్‌లోని ఆ 300 సెకన్ల గడువును వెబ్ సర్వర్లకు తగ్గించుకోండి, తప్పులేదు. డేటాబేస్‌కు మాత్రం వద్దంటాను.

అపోహ: "అన్నా, పాడ్ టెర్మినేటింగ్‌లోనే ఇరుక్కుంది, ఫోర్స్ డిలీట్ కొట్టేస్తే పోతుంది కదా?"

వాస్తవం: పోయేది ఏపీఐ సర్వర్‌లోని (కంట్రోల్ ప్లేన్‌లో క్లస్టర్ వివరాలు ఉండే చోట) రికార్డు. పలకని నోడ్‌లో కంటైనర్ ఇంకా నడుస్తూనే ఉండొచ్చు. స్టేట్‌ఫుల్‌సెట్ (డేటాబేస్ లాంటి వాటి పాడ్‌లను స్థిరమైన పేర్లతో నడిపేది) అయితే రికార్డు పోగానే అదే పేరుతో ఇంకో పాడ్‌ను లేపుతుంది. అప్పుడు పాతదీ కొత్తదీ రెండూ మేమే ప్రైమరీ (డేటా రాసే ప్రధాన కాపీ) అనుకుని రాతలు మొదలుపెడతాయి. అలా చెడిన డేటాను సరిచేయడం సర్వీస్ ఓ పావుగంట ఆగడం కన్నా ఎన్నో రెట్లు కష్టం. కుబెర్నెటీస్ ఆ పాడ్‌ను తనంతట తాను తుడిచేయకుండా ఆగేది ఇందుకే. ముందు క్లౌడ్ కన్సోల్ నుంచో, బీఎంసీ (సర్వర్‌ను దూరం నుంచి ఆన్, ఆఫ్ చేసే చిప్) నుంచో ఆ మెషీన్‌ను ఆపండి. ఆగిందని కళ్లారా చూసుకోండి. తర్వాత నోడ్‌కు 'అవుట్ ఆఫ్ సర్వీస్' టెయింట్ పెట్టండి (1.28 నుంచి ఇది స్టేబుల్). పాడ్‌లు తొలగిపోయి, వాల్యూమ్‌లు విడుదలవుతాయి. పేస్‌మేకర్ (ఇంకో క్లస్టర్ సాఫ్ట్‌వేర్) క్లస్టర్లు నడిపినవాళ్లు ఇలా ముందు మెషీన్‌ను ఆపడాన్నే ఫెన్సింగ్ అంటారు.

అపోహ: ఎక్కువ నోడ్లు పోతే క్లస్టర్ ఇంకా వేగంగా పాడ్‌లను ఖాళీ చేయిస్తుంది.

వాస్తవం: జరిగేది దీనికి వ్యతిరేకం. మామూలుగా 10 సెకన్లకు ఒక నోడ్ చొప్పున ఖాళీ చేయిస్తుంది. ఒక జోన్‌లో (ఒకే డేటా సెంటర్ లాంటి చోట ఉన్న నోడ్ల గుంపులో) 55 శాతం నోడ్లు పలకకపోతే ఆ వేగం తగ్గుతుంది, 50 నోడ్ల లోపు క్లస్టర్ అయితే అక్కడ ఆగిపోతుంది. అన్ని జోన్లూ ఒకేసారి మూగబోతే కంట్రోల్ ప్లేన్‌లో నోడ్లను గమనించే కంట్రోలర్ తన కనెక్షన్‌నే అనుమానించి మొత్తం ఆపేస్తుంది. అలాంటి రాత్రి వర్కర్ నోడ్లను (అప్లికేషన్లు నడిచే మెషీన్లను) రీస్టార్ట్ చేస్తూ కూర్చోకండి, ముందు కంట్రోల్ ప్లేన్ నెట్‌వర్క్ చూడండి.