పీజీ ప్రోగ్రాం పత్రం: ఏ గడి ఎక్కడి నుంచి వచ్చింది

ఏ విశ్వవిద్యాలయంలోనైనా కొత్త పీజీ ప్రోగ్రాం పెట్టాలంటే ముందు ఒక పత్రం తయారుకావాలి. లక్ష్యాలు, అభ్యసన ఫలితాలు (చదువు పూర్తయ్యాక విద్యార్థి ఏం చేయగలగాలి అన్నవి), కోర్సుల జాబితా, ఒక్కో కోర్సుకు క్రెడిట్లు, చదువుకు పట్టే గంటలు, మూల్యాంకన పద్ధతి, ఏ ఫలితాన్ని ఏ కోర్సు సాధిస్తుందో చూపే పట్టిక... రాయడానికి కూర్చున్న అధ్యాపకులకు ఇదంతా ఏదో ఒక కమిటీ పనిగట్టుకుని పెట్టిన తలనొప్పిలా కనిపిస్తుంది. నిజానికి ఈ గడులు వేర్వేరు కాలాల్లో వేర్వేరు అవసరాల కోసం పుట్టాయి. కొన్నిటి పుట్టుకకు చదువుతో సంబంధమే లేదు.

బాగా పాత పత్రం కావాలంటే 1215కు వెళ్లాలి. పారిస్ విశ్వవిద్యాలయానికి పోప్ ప్రతినిధి రాబర్ట్ ద కూర్సన్ ఆ ఏడాది నిబంధనలు రాసిచ్చాడు. ఆర్ట్స్ బోధించాలనుకునేవాడికి 21 ఏళ్లు రావాలి, ఆరేళ్లపాటు పాఠాలు విని ఉండాలి. క్రైస్తవ దైవశాస్త్రం (థియాలజీ) బోధించాలంటే 35 ఏళ్ల వయసు, కనీసం ఎనిమిదేళ్ల చదువు ఉండాలి. అరిస్టాటిల్ తర్కగ్రంథాలు చెప్పవచ్చు, ఆయన మెటాఫిజిక్స్, ప్రకృతి శాస్త్ర గ్రంథాల జోలికి మాత్రం పోకూడదు. అప్పట్లో మాస్టర్ అంటే పాఠం చెప్పే అర్హత సంపాదించినవాడు. ఏ పుస్తకాలు, ఎన్నేళ్లు అన్నవి రాస్తే సరిపోయేది. చదువు పూర్తయ్యాక అతను ఏం చేయగలడన్న ప్రశ్నకు జవాబు అందరి కళ్లముందే ఉండేది: పాఠం చెబుతాడు.

ఆ తర్వాత మాస్టర్స్ పట్టా చాలాచోట్ల పేరుకే మిగిలింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో బీఏ అయినవాళ్లకు కొన్నేళ్లు గడిస్తే పరీక్ష లేకుండానే ఎంఏ వచ్చేది, ఇప్పటికీ వస్తుంది. అమెరికాలోని పాత కాలేజీల్లో బీఏ తర్వాత మూడేళ్లు ఆగి ఫీజు కడితే చాలు. చదివి సంపాదించుకునే మాస్టర్స్ పట్టాను మిషిగన్ విశ్వవిద్యాలయం 1850ల చివర్లో మొదలుపెట్టింది. 1876లో మొదలైన జాన్స్ హాప్కిన్స్ పరిశోధనకే పెద్దపీట వేసింది. పట్టా వెనక చదువు ఉందని చెప్పుకోవలసిన అవసరం ఇలా వచ్చింది. దాన్ని కొలిచే సాధనం మాత్రం ఇంకా లేదు.

ఆ సాధనం పింఛన్ల గొడవలోంచి పుట్టింది. 1905లో అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ కాలేజీ ప్రొఫెసర్ల పింఛన్ల కోసం కోటి డాలర్లు ఇచ్చాడు. ఏ సంస్థను కాలేజీగా లెక్కించాలో తేల్చడానికి ఆ డబ్బుతో ఏర్పడిన కార్నెగీ ఫౌండేషన్ ఒక షరతు పెట్టింది: హైస్కూల్లో 14 యూనిట్లు చదివినవాళ్లనే చేర్చుకోవాలి, ఒక్కో యూనిట్ అంటే ఏడాదికి 120 గంటల తరగతి. 1910లో అదే ఫౌండేషన్ కోసం మోరిస్ కుక్ అనే ఇంజినీరు విశ్వవిద్యాలయాల సామర్థ్యం మీద నివేదిక రాస్తూ, ఫ్యాక్టరీలో ఉత్పత్తిని లెక్కగట్టినట్టు బోధనను ‘స్టూడెంట్ అవర్’తో కొలవాలన్నాడు. ఈనాటి క్రెడిట్‌కు మూలాలు ఇక్కడున్నాయి. విద్యార్థికి ఎంత అర్థమైందో కొలవాలన్న ఆలోచన అందులో మొదటినుంచీ లేదు. క్రెడిట్ కొలిచేది సమయాన్నే. దాని నుంచి ఇంకేదో ఆశించి నిరాశపడేవాళ్లు ఈ చరిత్ర ఒకసారి చూసుకుంటే మంచిది.

ఫలితాల గడి ఇంకో దారిలో వచ్చింది. 1949లో అమెరికా విద్యావేత్త రాల్ఫ్ టైలర్ పాఠ్యప్రణాళిక రాసేవాళ్ల ముందు నాలుగు ప్రశ్నలు పెట్టాడు: ఏం సాధించాలనుకుంటున్నాం, దానికి ఏ అనుభవాలు కావాలి, వాటిని ఎలా అమర్చాలి, సాధించామని ఎలా తెలుస్తుంది. 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం విద్యా లక్ష్యాలకు జ్ఞానం నుంచి మూల్యాంకనం దాకా ఆరు మెట్ల వర్గీకరణ ఇచ్చింది. ‘గణాంక పద్ధతులపై విద్యార్థికి అవగాహన కలుగుతుంది’ అని రాస్తే సిలబస్‌ను పరిశీలించే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో వెనక్కి పంపేది అందుకే, ఆ అవగాహనను పరీక్షించడం ఎలా? ‘ఇచ్చిన డేటాకు తగిన పద్ధతి ఎంచుకుని, ఆ ఎంపికను సమర్థించగలరు’ అంటే ప్రశ్నపత్రం సగం తయారైనట్టే. అయితే బ్లూమ్ బృందం ప్రధానంగా పరీక్ష ప్రశ్నలను వర్గీకరించడానికి చేసిన పని, కాలక్రమంలో క్రియాపదాల జాబితాగా మారి డిపార్ట్‌మెంట్ల గోడలెక్కింది. జాబితాలోంచి ఒక క్రియ ఏరుకుని పాత సిలబస్ ముందు తగిలిస్తే ఫలితం రాసేసినట్టే అనుకునే అలవాటు కూడా దాంతోపాటే వచ్చింది.

పీజీ స్థాయికి విడిగా నిర్వచనం కావలసి వచ్చింది యూరప్‌లో. విద్యార్థులు ఒక దేశంలో చదివింది మరో దేశంలో చెల్లడానికి 1989లో ఈసీటీఎస్ అనే యూరోపియన్ క్రెడిట్ బదిలీ పద్ధతి ప్రయోగాత్మకంగా మొదలైంది. 1999 జూన్‌లో 29 దేశాలు తమ డిగ్రీలను ఒకే తీరులోకి తెచ్చే బొలోన్యా ప్రకటన మీద సంతకం చేశాయి. జర్మనీ, ఇటలీ లాంటి చోట్ల అప్పటిదాకా ఏకబిగిన సాగిన పొడవాటి డిగ్రీని ముక్కలు చేసి బ్యాచిలర్స్, మాస్టర్స్ అని రెండు అంచెలు చేయాల్సి వచ్చింది. మరి రెండో అంచెలో కొత్తగా ఏముండాలి? మొదటిదానికే ఇంకో రెండేళ్లు అతికిస్తే మాస్టర్స్ అవుతుందా? ఏ అంచె చదివినవాళ్లు ఏం చేయగలగాలో చెప్పే 2004 నాటి డబ్లిన్ డిస్క్రిప్టర్లు దీనికి జవాబు చెప్పబోయాయి. వాటిలో నాకు బాగా నచ్చేది ఒకటుంది: మాస్టర్స్ చదివినవాళ్లు అసంపూర్ణమైన, పరిమితమైన సమాచారంతోనే నిర్ణయానికి రాగలగాలి. పీజీకీ డిగ్రీకీ తేడాను ఇంత సూటిగా చెప్పిన వాక్యాలు తక్కువ. మరుసటి ఏడాది నార్వేలోని బెర్గన్‌లో బొలోన్యా దేశాల విద్యా మంత్రులు ఆమోదించిన చట్రంలో రెండో అంచెకు మామూలుగా 90 నుంచి 120 క్రెడిట్లు అన్నారు.

బ్రిటన్‌లో ఉన్నత విద్యపై వచ్చిన 1997 డియరింగ్ నివేదిక ప్రతి ప్రోగ్రాంకూ ఒక వివరణ పత్రం ఉండాలంది. విద్యార్థి ఏం నేర్చుకుంటాడో బయటివాళ్లకు కూడా తెలియాలన్నది ఉద్దేశం. అప్పటికి ఏడాది ముందే విద్యావేత్త జాన్ బిగ్స్ ఫలితం, బోధన, పరీక్ష మూడూ ఒక తాటిమీద ఉండాలని వాదించాడు. ఏ ఫలితాన్ని ఏ కోర్సు సాధిస్తుందో చూపే, ఇప్పుడు అందరూ తిట్టుకునే మ్యాపింగ్ పట్టికలు ఈ ఆలోచన మీదే నిలబడ్డాయి.

తిట్టుకోవడానికి కారణం లేకపోలేదు. చాలాచోట్ల పత్రం వెనక నుంచి ముందుకు నడుస్తుంది: ఎవరు ఏ కోర్సు చెబుతారో ముందే ఖాయమై ఉంటుంది, వాటికి సరిపోయే ఫలితాలు తర్వాత రాస్తారు. పట్టికలో ప్రతి గడిలోనూ టిక్కు పడుతుంది. అన్ని గడుల్లోనూ టిక్కులున్న పట్టిక ఏమీ చెప్పదు. ఎక్కడో ఒక ఫలితం కింద ఒక్క టిక్కూ పడకపోతేనే ఆ ప్రోగ్రాంలో లోటెక్కడో బయటపడుతుంది. దాన్ని కనిపెట్టడానికే ఆ పట్టిక.

గంటల గడిని కూడా అంత తేలిగ్గా తీసేయలేం. ఒక ఈసీటీఎస్ క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. అయిదు క్రెడిట్ల కోర్సుకు 125 నుంచి 150 గంటలు. వారానికి రెండు గంటల చొప్పున 14 వారాల తరగతులు తీసేస్తే, మిగతా వంద, నూట ఇరవై గంటలూ విద్యార్థి సొంతంగా చేసే పనే. సెమిస్టర్‌లో ఇలాంటివి ఆరు కోర్సులు. ఆరుగురు అధ్యాపకులూ ఒకరికి తెలియకుండా ఒకరు వారానికో అసైన్‌మెంట్ పెడితే ఏమవుతుందో ఈ లెక్క వేసినప్పుడే కనిపిస్తుంది, లేకపోతే విద్యార్థి టెన్షన్‌గానే మిగిలిపోతుంది.

ఆమోదం పొందిన పత్రం ఆ ఏడాది చేరిన బ్యాచ్‌కు మాట ఇచ్చినట్టే. అందుకే మధ్యలో మార్చడం కష్టం. ఆ కష్టం తెలిసినవాళ్లు ‘తగిన మూల్యాంకనం ఉంటుంది’ లాంటి బోలు వాక్యాలు రాసి తప్పించుకునేవాళ్లు. 2022 చివర్లో వ్యాసాలు కూడా రాసిపెట్టే చాట్‌జీపీటీ వచ్చాక ఈ విషయం ఇంకో వైపు తిరిగింది. ‘ఇంటి దగ్గర రాసిన మూడు వేల పదాల వ్యాసం’ అని కచ్చితంగా రాసుకున్న ప్రోగ్రాం దాన్ని మౌఖిక పరీక్షగా మార్చాలంటే మళ్లీ కమిటీల గడప ఎక్కాలి. ఫలితాన్ని స్పష్టంగా రాసి, దాన్ని రెండు మూడు రకాలుగా పరీక్షించవచ్చని ముందే చెప్పుకున్న ప్రోగ్రాంకు ఆ ఇబ్బంది ఉండదు. ఇప్పుడు రాస్తున్న పత్రాల్లో మూల్యాంకనం గడి దగ్గరే ఎక్కువ చర్చ జరగడానికి కారణం ఇదే.