రేటు పెరిగితే చిన్న బండి, తగ్గితే పెద్ద బండి: ఈ ఊగిసలాట ఎప్పట్నుంచి?

పెట్రోల్ రేటు పెరిగిన ప్రతిసారీ ఒకటే చర్చ, పెద్ద బండి అమ్మేసి మైలేజ్ బండి తీసుకుందామా అని. రేటు కాస్త దిగిందంటే చాలు, అదే జనం మళ్లీ పెద్ద బండ్ల షోరూముల్లో ఉంటారు. దాదాపు 70 ఏళ్లుగా నడుస్తున్న కథ ఇది, కొత్త బండి కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు వెనక ఏం జరిగిందో ఒకసారి చూసుకుంటే మంచిది.

1956లో సూయజ్ కాలువ గొడవ వచ్చింది, కాలువ మూతపడింది, యూరప్‌కి చమురు రావడం కష్టమైంది, బ్రిటన్‌లో డిసెంబర్ నుంచి పెట్రోల్‌కి రేషన్ పెట్టారు. అప్పుడే బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్లు అలెక్ ఇసిగోనిస్ అనే ఇంజినీరుకి ఓ చిన్న కారు తయారుచెయ్యమని పని అప్పజెప్పారు. ఆయన ఇంజిన్‌ని అడ్డంగా తిప్పి పెట్టి, గేర్‌బాక్స్‌ని దాని కిందకి తోసి, మూడు మీటర్ల కారులో నలుగురు పెద్దవాళ్లకి చోటు తీశాడు. అదే 1959లో వచ్చిన మినీ. అప్పటికి రేషన్ ఎత్తేసి రెండేళ్లు దాటింది, కానీ ఆ ఆలోచన మాత్రం ఉండిపోయింది, ఇవాళ్టి చిన్న కార్లలో చాలావాటికి బానెట్ ఎత్తి చూస్తే ఇంజిన్ అడ్డంగానే ఉంటుంది.

అసలు దెబ్బ 1973 అక్టోబర్‌లో తగిలింది. ఇజ్రాయెల్‌తో యుద్ధం సమయంలో అరబ్ దేశాలు అమెరికాకి చమురు ఆపేశాయి, బ్యారెల్ 3 డాలర్ల దగ్గర్నుంచి కొన్ని నెలల్లోనే 12 డాలర్ల దాకా పోయింది. అప్పట్లో అక్కడ 8.2 లీటర్ల ఇంజిన్ ఉన్న కార్లు కూడా తిరిగేవి! కొన్ని రాష్ట్రాల్లో బంకుల ముందు జెండాలు పెట్టారు, పచ్చ జెండా ఉంటే పెట్రోల్ ఉన్నట్టు, ఎర్ర జెండా ఉంటే అయిపోయినట్టు. నంబర్ ప్లేట్‌లో చివరి అంకె బేసి అయితే బేసి తేదీల్లోనే పోసేవాళ్లు. అప్పటిదాకా ఎవరూ పెద్దగా పట్టించుకోని హోండా సివిక్, టయోటా కరోలా లాంటి జపాన్ కార్ల కోసం జనం వెతుక్కుంటూ వెళ్లారు.

1975లో అమెరికా ఒక చట్టం చేసింది, కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు మైలేజ్ 1985 నాటికి లీటరుకి దాదాపు 11.7 కిలోమీటర్లకి రావాలని. అప్పటి సగటుకి ఇది రెట్టింపు, మంచి చట్టమే. కానీ అందులో ఒక కంత ఉండిపోయింది, నా లెక్కలో ఈ మొత్తం కథకి మలుపు అదే. రైతులు, చేతిపనివాళ్లు వాడే చిన్న ట్రక్కులకి విడిగా తక్కువ టార్గెట్ పెట్టారు, పెట్రోల్ ఎక్కువ తాగే కార్ల మీద 1978లో వేసిన ప్రత్యేక పన్ను కూడా వీటికి లేదు. కంపెనీలు ఏం చేశాయంటే ట్రక్కు ఛాసిస్ మీదే ఫ్యామిలీకి సరిపడా సీట్లు, ఏసీ బిగించి అమ్మడం మొదలెట్టాయి, కాగితాల మీద ట్రక్కు, వాడేది పిల్లల్ని స్కూల్లో దింపడానికి. 1986లో చమురు రేటు కుప్పకూలి, తర్వాత చాలా ఏళ్లు చవగ్గానే ఉండటంతో ఈ బండ్లకి అడ్డే లేకుండా పోయింది, ఎస్‌యూవీ అనే మాట 90ల్లో ఇంటింటి మాట అయింది.

తర్వాతదంతా అదే పాట. 2008 జులైలో బ్యారెల్ 147 డాలర్లు తాకింది, పెద్ద బండ్ల అమ్మకాలు పడిపోయాయి, దానికి ఆర్థిక మాంద్యం తోడై 2009లో జనరల్ మోటార్స్ దివాలా పిటిషన్ వేసింది, 2010లో హమ్మర్ అనే తన భారీ బండ్ల బ్రాండ్‌నే మూసేసింది. 2016 మొదట్లో బ్యారెల్ 30 డాలర్ల కిందకి వచ్చేసరికి ఇదంతా మర్చిపోయారు, 2018లో ఫోర్డ్ అయితే అమెరికాలో మస్టాంగ్ అనే స్పోర్ట్స్ కారు తప్ప మామూలు కార్లు దాదాపు అన్నీ ఆపేస్తామని ప్రకటించింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం, మళ్లీ 120 డాలర్లు, మళ్లీ మైలేజ్ చర్చ.

ఇందులో నాకు బాధ కలిగించేది ఒకటుంది. చమురు రేటు రెండేళ్లలో మారిపోతుంది, బండి మాత్రం పదిహేనేళ్లు రోడ్డు మీద ఉంటుంది. చవక రోజుల్లో డబ్బున్నవాళ్లు కొన్న పెద్ద బండి, రేటు పెరిగాక సగం ధరకి సెకండ్ హ్యాండ్‌లో తక్కువ జీతం ఉన్నవాళ్ల చేతికి వస్తుంది, కొన్నప్పుడు చవగ్గా దొరికిందనుకుంటారు, ఆ తర్వాత ప్రతి ట్యాంకుకీ కట్టేది వాళ్లే.

ఇక మార్చాలా వద్దా అన్నదానికి మైలేజ్ అంకె కాదు, లీటర్లు లెక్కెయ్యాలి. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగేవాళ్లు లీటరుకి 8 ఇచ్చే బండి తీసేసి 12 ఇచ్చేది తీసుకుంటే 500 లీటర్లు మిగుల్తాయి. అదే 16 ఇచ్చేదాన్ని తీసేసి 24 ఇచ్చేది కొంటే మిగిలేది 250 లీటర్లే, చూడ్డానికి మాత్రం రెండోదే పెద్ద లాభంలా కనిపిస్తుంది. తిరిగేదే 4,000 కిలోమీటర్లయితే 8 నుంచి 12కి మారినా ఆదా 170 లీటర్లు కూడా రాదు, రేటు పెరిగిన కంగారులో పెద్ద బండిని అయినకాడికి అమ్మి చిన్నదానికి లోన్ పెట్టేముందు ఆ లీటర్ల ఖరీదు, లోన్ వడ్డీ పక్కపక్కన రాసుకుని చూడండి.