కొండమీది టవరు వీధి స్తంభానికి ఎలా దిగింది?

కర్నూలు, కడప, అనంతపురం పట్నాల్లో ఒకే వీధి నుంచి రెండు ఫిర్యాదులు వస్తుంటాయి. ఇంట్లోకి వస్తే సిగ్నల్ ఉండదని ఒకటి, పక్క మిద్దె మీద టవరు పెట్టనివ్వబోమని ఇంకొకటి. ఇరవై ఏళ్ల కింద ఈ గొడవ లేదు. అప్పుడు టవరు ఊరి చివర ఉండేది.

దేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. బీఎస్ఎన్ఎల్ మొబైల్ సేవ 2002 అక్టోబరులో మొదలైంది, మరుసటి ఏడు మే నెలలో ఇన్‌కమింగ్ ఉచితమైంది. అప్పటి అవసరమల్లా దూరం. నేల మీద 40 మీటర్ల ఇనుప టవరు నిలబెట్టి, పైన మూడు దిక్కులకు మూడు యాంటెన్నాలు బిగించేవారు. ఒక్కోటి 120 డిగ్రీల మేర చూసుకుంటుంది, దాన్ని సెక్టార్ అంటారు. సిగ్నల్ పోయి వచ్చే టైమింగ్ లెక్క ప్రకారం 2జీ సిగ్నల్ 35 కిలోమీటర్లు దాటి పనిచేయదు. అనంతపురం వైపు చెట్టూచేమా తక్కువున్న మెట్ట నేలల్లో ఎత్తైన టవరు ఒక్కటే చాలా పల్లెలకు అందుతుంది. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు కనుమ లాంటి చోట్ల మాత్రం ఎంత ఎత్తు పెట్టినా లాభం లేదు. మలుపు తిరిగితే కొండ అడ్డం. అక్కడ మధ్యలో ఇంకో చిన్న సైటు, అంటే యాంటెన్నా, దాని పరికరాలు ఉండే చోటు, పెట్టడం ఒక్కటే దారి.

దూరం తీరాక రద్దీ మొదలైంది. 2జీలో ఒక క్యారియర్‌కు, అంటే ఒక ఫ్రీక్వెన్సీకి, ఎనిమిది టైమ్‌స్లాట్లు, ఒక్కో కాల్‌కు ఒక్కో సమయపు వాటా. సెక్టారుకు రెండు క్యారియర్లు ఇస్తే పదహారు, అందులో రెండు నెట్‌వర్క్ సొంత పనులకు పోతాయి. అంటే ఆ దిక్కున ఒకేసారి పద్నాలుగు మంది మాట్లాడగలరు. పదిహేనో మనిషికి ఫోన్‌లో గీతలన్నీ నిండుగా ఉన్నా కాల్ కలవదు. దీనికి మందు సెల్‌ను, అంటే ఒక టవరు చూసుకునే ప్రాంతాన్ని, ముక్కలు చేయడమే. ఊరికి ఒక టవరు బదులు పేటకు ఒకటి పెట్టి, అవే ఫ్రీక్వెన్సీలను కొంత దూరం తర్వాత మళ్లీ వాడుకోవడం. ఈ ఆలోచన పాతదే, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1947లోనే కాగితం మీద పెట్టారు. అయితే సెల్ చిన్నదైతే యాంటెన్నా కిందికి దిగాలి, ముఖం కాస్త నేలవైపు వంగాలి. లేకపోతే ఈ పేట సిగ్నల్ పక్క పేటలోకి పోయి అక్కడి కాల్స్‌ను చెడగొడుతుంది. టవర్లు మిద్దెలెక్కింది అందుకే.

మిద్దె మీద రెండు రకాలు. ఒకటి పొట్టి టవరు, రెండోది మూడు నుంచి తొమ్మిది మీటర్ల పైపులు. టవరు బరువు పిల్లర్ల మీదే పడాలి, స్లాబు మధ్యలో పడకూడదు. పిల్లర్లు లేని పాత నాపరాళ్ల మిద్దెలను చూడకుండానే వదిలేయాలి. అద్దె ఎంత ఆశ చూపినా అంతే.

3జీతో ఇంకో చిక్కు వచ్చిపడింది. కింది గదిలోని పరికరం నుంచి పైకి లావుపాటి కేబుల్ పోయేది. 3జీ వాడిన 2100 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర 40 మీటర్లు ఎక్కేసరికి, కనెక్టర్ల నష్టం కూడా కలుపుకుంటే, దాదాపు సగం శక్తి దారిలోనే పోయేది. అందుకని రేడియో పెట్టెనే యాంటెన్నా పక్కకు ఎక్కించి కిందికి ఫైబర్ దించారు. ఏసీ గది అవసరం తగ్గింది. ఆ పెట్టెను యాంటెన్నాకు కలిపే పొట్టి కేబుళ్ల (జంపర్ల) జాయింట్లు మాత్రం మిగిలాయి, వానాకాలం ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం అవే. జాయింటుకు ముందు రబ్బరు టేపు, పైన పీవీసీ టేపు చుట్టాలి. చివరి చుట్టు కింది నుంచి పైకి రావాలి, అప్పుడే నీరు జారిపోతుంది. పైనుంచి కిందికి చుడితే ప్రతి మడత నీటిని లోపలికి పడుతుంది, పంపిన శక్తి వెనక్కి తిరిగి అలారం మోగుతుంది.

2016 సెప్టెంబరులో జియో 4జీ, 2022 అక్టోబరు 1న 5జీ వచ్చాయి. 5జీకి ఎక్కువగా వాడే 3300 మెగాహెర్ట్జ్ గోడలు దాటడంలో బలహీనం. కాబట్టి సైట్లు ఇంకా దగ్గరదగ్గరగా రావాలి. వీధి దీపాల స్తంభాలకు బిగించే కొద్ది వాట్ల చిన్న సెల్స్, ఆసుపత్రుల్లాంటి పెద్ద భవనాల లోపల పెట్టే యాంటెన్నాలు, తిరునాళ్లకు వాహనం మీద తెచ్చే తాత్కాలిక సైట్లు, అన్నీ ఈ కోవలోవే.

పెరిగిన భారమంతా బ్యాటరీ మోస్తుంది. సైటు 48 వోల్ట్ల డీసీ మీద నడుస్తుంది, అంటే రెండు వోల్ట్ల బ్యాటరీ సెల్స్ ఇరవై నాలుగు. 600 ఆంపియర్-అవర్ బ్యాటరీ బ్యాంకులో (ఈ సెల్స్ వరుసలో) 80 శాతం వాడుకుంటే 40 ఆంపియర్ల లోడుకు పన్నెండు గంటలు వస్తుంది. అదే సైటుకు 4జీ, 5జీ తగిలించి లోడు 100కు పోతే అయిదు గంటలు కూడా రాదు. అది కొత్త బ్యాటరీ లెక్క. ఈ సీసపు బ్యాటరీలు 25 డిగ్రీలకు తయారైనవి. ఆపైన సుమారు ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుంది. నలభై దాటే మన ఎండాకాలంలో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కరెంటు పోయిన కాసేపటికే సిగ్నల్ కూడా పోతోందంటే ముందు చూడాల్సింది బ్యాటరీ, తర్వాత డీజిల్.

ఇక అభ్యంతరాల సంగతి. టవర్లు, కేబుళ్లకు స్థలం వాడుకునే నిబంధనలకు (రైట్ ఆఫ్ వే) 2022 ఆగస్టులో చేసిన సవరణతో ప్రైవేటు మిద్దె మీద టవరుకు యజమానితో ఒప్పందం చాలన్నారు. ముందస్తు సమాచారం, భవనం తట్టుకుంటుందని ఇంజినీరు ధ్రువపత్రం ఇస్తే ప్రభుత్వ అనుమతి అక్కర్లేదన్నారు. వాటి స్థానంలో 2025 జనవరి 1 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. మున్సిపాలిటీకి అర్జీ పెట్టినవాళ్లకు చేతులూపుకుంటూ రావాల్సి వస్తే ఆశ్చర్యం లేదు. రేడియేషన్‌కు మన దేశం 2012 సెప్టెంబరు 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతే పెట్టుకుంది, 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 0.45 వాట్. యాంటెన్నా ఎదురుగా చూస్తుంది కాబట్టి కింది ఇంటికంటే, అదే ఎత్తులో ఎదురుగా ఉన్న మిద్దెను కొలిచి చూడాలి. టవరును దూరం తోస్తే ఇంట్లోని ఫోనే ఎక్కువ శక్తితో పనిచేస్తుంది, అదేమో చెవి పక్కన ఉంటుంది. మా దృష్టిలో అడగాల్సినవి వేరే: ధ్రువపత్రం చూపమనడం, జనరేటర్ ఎవరి కిటికీ కింద పెడుతున్నారో తేల్చుకోవడం. సైటు వివరాలు 2017లో వచ్చిన టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్‌లో దొరుకుతాయి.

సిగ్నల్ కోసం బజారులో బూస్టర్ కొని తగిలించుకోవడం మాత్రం వద్దు. అనుమతి లేని బూస్టర్ చట్టవిరుద్ధం. పైగా అది టవరు వైపు రొద పంపుతుంది, ఆ సెక్టారులో ఉన్నవాళ్లందరి కాల్స్ తెగుతాయి. టవరు చక్కగా పనిచేస్తున్నా వీధి మొత్తానికి సిగ్నల్ బాగాలేదంటే చుట్టుపక్కల మిద్దెల మీద చిన్న యాంటెన్నా ఏదైనా ఉందేమో వెతకాల్సి వస్తుంది.