అమీర్‌పేట్ మెట్రో ఎస్కలేటర్ అంత వాలు చాలు

మనకి తుఫాను తీరం దాటిందంటే హమ్మయ్య అనుకుంటాం కదా, మంచు కొండల్లో లెక్క వేరు. అక్కడ మంచు తుఫాను ఆగాక మొదటి ఒకటి రెండు రోజులే అవలాంచ్‌కి, అంటే కొండ మీది మంచు ఒక్కసారిగా జారిపడటానికి, చాలా డేంజర్, అప్పుడే ఎండ కాస్తది, ఫొటోలకి భలే ఉంటది, జనం బయల్దేరతారు.

మా బామ్మర్ది గుల్మార్గ్‌లో ఉన్నాడు, నిన్న ఫోన్ చేసి "బావా, కొత్త మంచు మోకాళ్ల దాకా ఉంది, రేపు మామూలు స్కీయింగ్ ట్రాక్ వదిలి బయటికి పోతున్నాం" అన్నాడు. అక్కడే అఫర్వత్ కొండ మీద 2023 ఫిబ్రవరి 1న మంచు జారి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు.

అసలు మంచు అంటే ఒకే ముద్ద కాదు, పొరలు పొరలుగా ఉంటది. నెల కింద పడ్డ పల్చటి మంచు ఉందనుకోండి, కింద నేల దాదాపు సున్నా డిగ్రీలు, పైన రాత్రుళ్లు గడ్డకట్టే చలి, ఆ తేడాకి లోపల ఆవిరి పైకి పోతూ గింజల్ని పంచదార పలుకుల్లా చేసేస్తది, అవి ఒకదానికొకటి అంటుకోవు. దాని మీద తుఫాను ఒక బరువైన పలక పరుస్తది, మిగిలింది మనిషి కాలు పెట్టడమే. అవలాంచ్‌లో పోయినవాళ్లలో ఎక్కువమంది విషయంలో దాన్ని కదిలించింది వాళ్లో, పక్కనున్న వాళ్లో.

వాలు ఎంతుండాలి అంటే, అమీర్‌పేట్ మెట్రోలో ఎస్కలేటర్ గుర్తు తెచ్చుకోండి, మామూలుగా ఎస్కలేటర్లు 30 డిగ్రీల వాలుతో పెడతారు, పలక జారడం అక్కడే మొదలవుతది, 38 దగ్గర మరీ ఎక్కువ. గాలి ఇంకో తలనొప్పి, ఆకాశం నీలంగా ఉన్నా అది కొండకి అటువైపు మంచు ఎత్తుకొచ్చి ఇటువైపు పోస్తనే ఉంటది.

తెలిసినవాళ్లు గొయ్యి తవ్వి, 30 సెంటీమీటర్ల మంచు స్తంభం కోసి, మీద పార పెట్టి మణికట్టుతో 10, మోచేతితో 10, భుజంతో 10 దెబ్బలు కొట్టి ఎన్నో దెబ్బకి విరిగిందో చూస్తారు. కానీ అన్నం ఉడికిందా అని ఒక్క మెతుకు పట్టి చూసినట్టు కుదరదు, పది అడుగుల పక్కన ఇంకోలా ఉండొచ్చు. నడుస్తుంటే కింద ధబ్‌మని కూలిన చప్పుడొచ్చినా, కాళ్ల ముందు పగులు పాకినా ఇంక టెస్టులెందుకు, వెనక్కి వచ్చెయ్యడమే.

చండీగఢ్‌లో డీఆర్‌డీఓ వాళ్ల ల్యాబ్ డీజీఆర్‌ఈ ఈ అవలాంచ్ ప్రమాదం మీద బులెటిన్లు ఇస్తది. డేంజర్ స్కేలు 1 నుంచి 5, 3 చూసి పాస్ మార్కులే కదా అనుకునేరు, చాలామంది పోయేది 3 ఉన్న రోజుల్లోనే. పూర్తిగా కూరుకుపోయిన మనిషిని 10 నిమిషాల్లో తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు, అరగంటకి ముగ్గురే, అంటే హెలికాప్టర్ వచ్చేదాకా ఆగే పని కాదు, పక్కవాడి దగ్గర బీకన్ (కూరుకుపోయినవాడి సిగ్నల్ పట్టే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడుగు కడ్డీ), పార ఉండాల్సిందే.

ఇదంతా చెప్తే వాడు ఫోన్‌లో వాలు కొలిచి ఫొటో పెట్టాడు, 24 డిగ్రీలు. పైనున్న కొండ కూడా పడేట్టు ఇంకోటి తియ్‌రా అన్నా, జారేది అక్కణ్ణుంచి కదా.