గోడకు కన్నం పడినా తెరకు చిరుగు లేదు

"వానలు కురిసినన్నాళ్లు బాగున్న గులాబీ ఆకులు పొడి రోజుల్లో పిండి చల్లినట్టు తెల్లబడుతున్నాయి. శిలీంధ్రానికి తడి కావాలి కదా?" అని ఒక పాఠకురాలు అడిగారు. చాలా మంచి ప్రశ్న. అది బూడిద తెగులు. గులాబీకి దాన్ని తెచ్చే శిలీంధ్రం పోడోస్ఫెరా పన్నోసా. దాని సిద్ధబీజాలు మొలకెత్తడానికి కావలసిన నీటిని తమలోనే మోసుకొస్తాయి. గాలిలో తేమ చాలు. ఆకు మీద నీరు నిలిస్తే వాటికి చేటు.

నన్ను ఏళ్లుగా పట్టుకుని వదలనిది ఆ తర్వాతి ఘట్టం. మనకు కనిపించే తెలుపు శిలీంధ్రం శరీరమే. దాదాపు అంతా ఆకు పైనే పరచుకుని ఉంటుంది. కణాల్లోకి దిగేవి ఆహారం పీల్చే హాస్టోరియాలు మాత్రమే. ఒక గదిని ఊహించండి. గోడకు లోపలివైపు ఆనుకుని మెత్తని తెర ఉంది. గోడ కణకవచం, తెర కణత్వచం. శిలీంధ్రం గోడకు సన్నని కన్నం వేసి చేయి పెడుతుంది. తెర చిరగదు! చేయి ముందుకు జరిగేకొద్దీ దాని చుట్టూ తొడుగులా సాగుతుంది. చేయి గది నడుమ ఉన్నా గదిలోని గాలి దానికి తగలదు. పాఠం చెప్పేటప్పుడు కణంలో బల్లెం దిగినట్టు బొమ్మ గీస్తే అసలు అద్భుతమే జారిపోతుంది.

చేతిని చుట్టిన తెర ముక్క నేత కూడా వేరు. అందులోని ప్రోటీన్లు మిగతా త్వచంలోవి కావు. మణికట్టు దగ్గర ఒక పట్టీ బిగిసి ఉంటుంది కాబట్టి చేతికీ తెరకూ మధ్య సందు మూతపడి ఉంటుంది. ఆ సందు గుండానే గ్లూకోజు శిలీంధ్రానికి చేరుతుంది, మొక్క రక్షణను అణిచే ప్రోటీన్లు ఎదురు దిశలో వెళ్తాయి.

తెరను చింపితే కణం చస్తుంది. బతికున్న కణం లేనిదే ఈ శిలీంధ్రానికి బతుకు లేదు. ప్రయోగశాలలోనూ సజీవమైన మొక్క మీదే పెంచాలి. తెగులును తట్టుకునే మొక్కల్లో చాలాసార్లు చేయి పడిన కణం తనంతట తానే చచ్చిపోతుంది. పోయేది కొద్దిపాటి కణాలు, పస్తులతో మాడేది శిలీంధ్రం. ఎన్నిసార్లు తలచుకున్నా ఈ ఎత్తు నాకు ఆశ్చర్యమే.

అయితే ఆకుల మీద నీళ్లు చల్లితే సరిపోతుందా? తొందరపడకండి. నల్లమచ్చ తెగులు తెచ్చే డిప్లోకార్పాన్ రోసే కూడా గులాబీనే ఆశిస్తుంది. దాని బీజాలు నీటి తుంపరలతో చిందుతాయి. ఆకు కనీసం 7 గంటలు తడిగా ఉంటే మొలకెత్తి లోపలికి దిగుతాయి. సాయంత్రం చల్లిన నీరు రాత్రంతా ఆరకపోతే బూడిద తగ్గినా నల్లమచ్చలు తప్పవు. ఆకులు కడగాలనుకుంటే పొద్దున్నే కడగండి, ఎండ రాగానే ఆరిపోయేలా.